బెంచీ మీద మూడో మనిషి

మా ఆయన విల్‌ఫ్రెడ్ చొక్కాలు ఇస్త్రీ చేస్తూ సెడ్రిక్ మాటలు బట్టీ పడుతున్నాను. సెడ్రిక్ మా టీవీ కామెడీ సీరియల్లో నటుడు. అందులో ముగ్గురు ముసలి స్నేహితులు ఇంగ్లండులోని యార్క్‌షైర్ తీరాన ఒక రేవు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఊరందరినీ ఆడిపోసుకుంటూ ఉంటారు. ఆదివారం సాయంత్రాలు జనం వాళ్ళని చూసి విరగబడి నవ్వుతారు. ఆ ముగ్గురిలో ఒకడు సెడ్రిక్. ఇంకొకాయన భార్య వేషం నాది. ఎపిసోడ్‌కి ఒక్కసారి తలుపు తీసి, "టీ చల్లారిపోతోంది" అని మళ్ళీ తలుపు వేసుకుంటాను. ఐదు సీజన్లుగా అంతే. మరి సెడ్రిక్ మాటలు నాకెందుకంటే, రెండేళ్ళుగా అతనికి ఏదీ గుర్తుండడం లేదు. కెమెరా పక్కన నిలబడి పెదవులు కదుపుతూ అందించేది నేనే.

"ఒక్క మాట చెప్పడానికి ఇంత కసరత్తా, ఎనిడ్?" అన్నాడు విల్‌ఫ్రెడ్ పేపర్ మడుస్తూ. "ఆ కాలర్ చూడు, ముడత అలాగే ఉంది."

ముడత మీద మళ్ళీ ఇస్త్రీపెట్టె తిప్పాను. పెళ్ళికి ముందు పోస్టాఫీసు కౌంటర్లో ఆయనకి పని నేర్పింది నేనే. పెళ్ళయిన ఆడవాళ్ళు ఉద్యోగంలో ఉండకూడదని అప్పట్లో నియమం. నేను మానేశాను, ఆయన పోస్ట్‌మాస్టర్ అయ్యాడు. రిటైరైన రోజున ముగ్గురు పెద్దమనుషులు ఉపన్యాసాలిచ్చారు. ఆ మర్నాటి నుంచి నాకు మధ్యాహ్నం వంట కూడా అదనంగా వచ్చి పడింది.

ఆరో సీజన్ మొదటి రిహార్సల్‌కి సెడ్రిక్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఇక నావల్ల కాదు. ఎన్నాళ్ళని ఎనిడ్ పెదవులు చూసి బతకను?" అని అందరితో చేతులు కలిపి వాళ్ళ చెల్లెలి ఊరికి వెళ్ళిపోయాడు. డైరెక్టర్ రోడ్నీ తల పట్టుకున్నాడు. "గురువారానికి ఇంకొకాయన్ని తెస్తాను. అందాకా ఆ మాటలు మీరు చదివిపెట్టండి, ఎనిడ్ గారూ," అన్నాడు.

చదివాను. చూసి చదవాల్సిన అవసరమే లేకపోయింది. బెంచీ మీద మిగిలిన ఇద్దరిలో, అంతసేపూ ఆవులిస్తున్న ఎడ్గర్ నిటారుగా కూర్చున్నాడు. మైకు పట్టుకున్న మనిషి నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గురువారం కొత్తాయన వచ్చాడు. పొడుగ్గా, చక్కటి మీసంతో ఉన్నాడు. "ఈయనకి కాస్త నేర్పిపెట్టండి. మీకన్నీ వచ్చు కదా," అన్నాడు రోడ్నీ. ఎంతో మర్యాదగానే అన్నాడు. అన్నీ వచ్చు కాబట్టే ఎవరికో నేర్పి నేను తలుపు వెనక్కి వెళ్ళాలి. ఇరవై మూడేళ్ళప్పుడు ఒకసారి వెళ్ళాను. అరవై మూడులో మళ్ళీ వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

"నేర్పను," అన్నాను. "ఆ పాత్ర నాకివ్వు."

రోడ్నీ ఇబ్బందిగా నవ్వాడు. "పొద్దస్తమానం పనీపాటా లేకుండా ఒక ఆడమనిషి బెంచీ మీద కూర్చుంటే జనం నమ్ముతారా?"

"ఎప్పుడూ చూడలేదు కదా, నమ్మరు. అందుకే కళ్ళప్పగించి చూస్తారు."

నా హ్యాండ్‌బ్యాగు తీసుకుని వెళ్ళి బెంచీ పక్కన నిలబడ్డాను. "ముగ్గురికి ఇరుకవుతుందేమో," అని ఎడ్గర్ పక్కనున్న రెండో ఆయన లయొనెల్ గొణిగాడు.

"ఇన్నాళ్ళూ కూర్చున్నది ముగ్గురమే కదయ్యా. జరుగు," అన్నాడు ఎడ్గర్.

ఒక్క ఎపిసోడ్ చూద్దామన్నాడు రోడ్నీ. ఆ ఒక్కటీ ఆరయింది. "మరి నా భోజనం?" అన్నాడు విల్‌ఫ్రెడ్. రొట్టెల డబ్బా ఎక్కడుందో చూపించి షూటింగ్‌కి రైలెక్కాను.

చివరి ఎపిసోడ్ రేవులోనే తీశారు. విపరీతమైన గాలి. సంచులు పట్టుకుని బజారుకి వచ్చిన ఆడవాళ్ళు షూటింగ్ చుట్టూ కట్టిన తాడు అవతల గుంపుగా నిలబడి చూస్తున్నారు. రిటైరైనప్పుడు ఎవరి వీడ్కోలు సభలో ఎక్కువసేపు పొగిడారని ఎడ్గర్, లయొనెల్ వాదించుకోవాలి. స్క్రిప్టులో నాకు అక్కడ మాట లేదు, వినాలంతే. విన్నాను. వింటూ ఉండగానే నా నోట్లోంచి వచ్చేసింది.

"నేను రిటైరవ్వాలంటే రాజీనామా ఎవరికి రాయాలి?"

మొదటి నవ్వు తాడు అవతలి నుంచి వచ్చింది. తర్వాత ఆ గుంపంతా ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. ఒకావిడ సంచి కింద పెట్టి మరీ కళ్ళు తుడుచుకుంది. రోడ్నీ కెమెరా ఆపమనలేదు.

ఆ ఎపిసోడ్ వచ్చిన ఆదివారం విల్‌ఫ్రెడ్ పక్క కుర్చీలోనే కూర్చుని చూశాను. ఆ మాట దగ్గర ఆయన తొడ చరిచి, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"భలే రాశాడు! ఎవడు రాశాడది?"

"ఎవరూ రాయలేదు. నేనే అన్నాను."

ఆయన నవ్వు సగంలో ఆగింది. నాది అప్పుడే మొదలైంది.