కలుగు వడ్లు

పోలేరయ్య నెత్తిన వడ్ల కుండ పెట్టి, నడుముకు తాడు కట్టి, ఊరి నడివీధిలో నడిపించాడు హెడ్ కానిస్టేబులు. కుండ కదిలితే చాలు, లాఠీ పిక్కల మీద పడుతోంది. అరుగుల మీది రైతులు నోట్లో చుట్టలు తీయకుండానే నవ్వారు.

చెంచమ్మ చంకలో పసిబిడ్డతో వెనకాలే పరుగెత్తింది.

"సామీ, నా మొగుడు దొంగ కాదు సామీ!"

"మరి ఈ వడ్లు మీ నాయన పండించినాడా?"

"సిద్ధారెడ్డి సామి చేను గట్టున తవ్వుకున్నాం సామీ. తూర్పు గట్టున. రా, చూపిస్తా."

హెడ్డు ఆగాడు. అరుగుల వైపు తిరిగాడు.

"విన్నారా? సిద్ధారెడ్డి చేలోవేనని పెళ్లామే ఒప్పుకున్నాది!"

తానన్నదాంట్లో తప్పేమిటో చెంచమ్మకు తెలియలేదు. కుండతో పొగపెట్టి ఎలుకను పట్టి, కలుగులో అది దాచుకున్న వెన్నులు తవ్వుకుంటే, అవి తవ్వినవాళ్లవే. చేను రైతుది, కలుగు యానాదిది. తాతల నాటి నుంచి ఆ తట్టున నడుస్తున్న మాట అది. అరుగుల మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. అయినా చుట్టలు పీలుస్తూనే ఉన్నారు.

యానాదులు పుట్టుదొంగలనే చట్టం పోయి ఏళ్లయింది. ఆంధ్ర రాష్ట్రం కూడా వచ్చింది. ఠాణాకు మాత్రం ఏ కబురూ అందలేదు.

మరునాడు చెంచమ్మ ఠాణాకు పోయింది. బెంగతో పాలు ఇంకిపోయాయి. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. మొగుణ్ణి ఒక్కసారి చూపించమని కాళ్లావేళ్లా పడింది.

"చూద్దువులే. ముందా రోటికాడికి పోయి వడ్లు దంచు. వాడికీ ఒక ముద్ద పెడతా" అన్నాడు హెడ్డు.

ఆ ముద్ద కోసం దంచింది. చెరిగింది. ఇంకో చాటెడు తీసుకోబోయి కుండ అంచు చూసింది. విరిగిన అంచు. తన కుండే. దొంగసొత్తని పట్టుకొచ్చిన వడ్లే.

ఆ బియ్యం వండించుకుని, ఎవరి దొడ్లోనో లాక్కొచ్చిన కోడిని కూర చేయించుకుని, కటకటాల ముందే పీట వేసుకుని తిన్నాడు హెడ్డు. ఎముక చీకి లోపలికి విసిరాడు.

"తినరా. నీ పెళ్లాం దంచిన కూడే."

చెయ్యి కడిగిన నీళ్లు కూడా లోపలికే పోశాడు. పోలేరయ్య అరికాళ్లు ఉబ్బి నేలకు ఆనడం లేదు. ఆ ఎంగిలి తడిలోనే మోకాళ్ల మీద జరిగి వచ్చాడు.

"బిడ్డ పాలు తాగినాదా?" అని మాత్రం అడిగాడు.

హెడ్డు తేన్చాడు. "చేలో దొంగిలించినానని వేలిముద్ర వేస్తే ఆత్మకూరు జైలు. వెయ్యకపోతే ఈడనే చస్తాడు. చెప్పుకో నీ మొగుడికి."

చెంచమ్మ బయటికి పరుగెత్తింది. ఠాణా వెనక గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. హెడ్డు జిడ్డు వేళ్లు కళ్ల ముందు నుంచి పోలేదు.

ఆ సాయంత్రం చెరువు కింద గుడిసెల మధ్య జనం చేరారు. కూలిసంఘం మస్తానయ్య కూడా వచ్చాడు. పెద్దవాడు వెంగయ్య తల అడ్డంగా ఊపాడు.

"ముద్ర వెయ్యమని చెప్పమ్మే. కొన్నాళ్లుండి వస్తాడు. నేను పోయి రాలేదా? పోలీసోళ్లతో మనం పడేదుండాదా?"

"పోయొచ్చి ఏం నేర్చినావురా వెంగా? నడుం వంచేది నేర్చినావు!" ముసలి రోశమ్మ విరుచుకుపడింది.

నలుగురు నవ్వారు. వెంగయ్య నవ్వలేదు.

"అర్జీ పెడదాం. ఆ చట్టమే లేదిప్పుడు" అన్నాడు మస్తానయ్య.

"అర్జీ పోయొచ్చేలోపు మనిషి పోతాడన్నా." చెంచమ్మ నలుగురిలో మాట్లాడి ఎరగదు. "నా ఇంట్లో ఉండేవి కలుగు వడ్లే. అవ్వా, నీ ఇంట్లో ఉండేవేంది? వెంగయ్య మామా, పొద్దున నువ్వు తాగింది ఏ గంజి? అందరం అవే తిని, దొంగ ఆయనొక్కడే ఎట్టయినాడు?"

వెంగయ్య లేచి గుడిసెలోకి పోయాడు. అలిగాడనుకున్నారు. తన వడ్ల కుండ ఎత్తుకుని బయటికొచ్చాడు.

"పాండి. నన్ను కూడా పట్టుకోమందాం" అన్నాడు. "ఎలుకలు పట్టేదానికి ఎవరూ రెడ్ల చేలల్లోకి దిగబాకండి."

పొద్దున్నే ఆడా మగా కుండలతో పోయి ఠాణా ముందు కూర్చున్నారు. హెడ్డు లాఠీతో కుండలు పగలగొట్టాడు. వడ్లు చిందాయి, వీపులు చిట్లాయి. ఎవరూ లేవలేదు. తెల్లారి మళ్లీ అక్కడే ఉన్నారు. అప్పుడు వచ్చాడు సిద్ధారెడ్డి, పంచె ఎగ్గట్టి, రొప్పుతూ.

"హెడ్డుగారూ, ముందు వీళ్లను పనికి తోలండి! కోతకొచ్చిన చేను ఎలుకలు కొరికేస్తా ఉండాయి. ఆ నాలుగు గింజలు పోతే పోయినాయి, వాణ్ణి వదిలెయ్యండి."

"వదుల్తా. దొంగనని ముద్ర వేసి ఇంటికి పొమ్మనండి. జైలూ వద్దు, ఏమీ వద్దు."

పోలేరయ్యను ఈడ్చుకొచ్చారు. బొటనవేలికి సిరా పూశారు. అతను చెంచమ్మ వైపు చూశాడు. బిడ్డ ఒట్టి రొమ్మును తడుముతోంది. ఒక్క ముద్ర. ఈ పూటే మనిషి ఇంటికొస్తాడు. వెయ్యమనే మాట చెంచమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ ముద్ర పడితే కలుగు తవ్విన ప్రతి చెయ్యీ దొంగ చెయ్యే. రేపు ఈ బిడ్డ చెయ్యి కూడా.

"వెయ్యబాక!" అని అరిచింది. "చచ్చినా వెయ్యబాక!"

హెడ్డు ఆమె జుట్టు పట్టుకుని, బిడ్డతో సహా కటకటాల కొట్లోకి తోశాడు. వెనకాలే పోలేరయ్యను విసిరాడు.

"ఈడనే చెయ్యండి కాపురం!"

రోశమ్మ పగిలిన కుండపెంకు చేతపట్టుకుని, తనంతట తానే లోపలికి నడిచింది.

"జరగమ్మే. నాకింత చోటియ్యి."

తర్వాత వెంగయ్య. అతని వెనక మస్తానయ్య. ఆ వెనక పిల్లల తల్లులు, ముసలివాళ్లు, ఒకరినొకరు తోసుకుంటూ. కొట్టు నిండింది. మోచేతులు, కుండపెంకులు, మోకాళ్లు గడప దాటి బయటికి వచ్చాయి. పోలేరయ్య బొటనవేలి సిరా ఠాణా గోడకు రాసేశాడు.

కొట్టు తలుపు మూసేందుకు హెడ్డు భుజం ఆనించి తోశాడు. పడలేదు. కానిస్టేబుళ్లు కూడా వచ్చి తోశారు. పడలేదు.

"ఇంకా గట్టిగా తొయ్యి సామీ" అంది లోపలి నుంచి రోశమ్మ. "బయట ఇంకా జనం ఉండారు."