పడవ బ్యాటరీ మీద పాత సినిమా

యారాడలో పోలిరాజు ఇంట్లో టీవీ ఆగిపోయింది, అదీ సరిగ్గా వేట నిషేధం మొదలైన నాలుగో రోజున. ఏడాదంతా సముద్రం మీద ఉండే మనిషికి ఇంట్లో కూర్చుని టీవీ చూడ్డానికి దొరికేవి ఆ రెండు నెలలే. బోటు ఒడ్డుకెక్కించి, ఇంజను విప్పి కవరు కప్పి, బ్యాటరీ ఇంటికి మోసుకొచ్చి, హమ్మయ్య అని చాప మీద కూలబడి రిమోట్ నొక్కేసరికి తెరంతా నీలం రంగు. రీఛార్జి చేయించుకోమని దాని మీద రాసి ఉంది.

"మొన్నే కదే కట్టేము?" అన్నాడు.

"మొన్న కాదు మావా, నెలయిపోనాది. పైగా ప్యాకేజీ మార్సీసినారంట. మనం సూసే సానెళ్ళు సగం తీసీసినారు," అంది పోతమ్మ, గంపలో ఎండు నెత్తళ్ళు సర్దుకుంటూ.

వేట లేని రోజుల్లో ఆ ఇల్లు పోతమ్మ గంప మీదే నడుస్తుంది. పొద్దున్నే బస్సెక్కి కొండ దాటి, పట్నంలో సీతమ్మధార వీధుల్లో ఎండు చేపలు, ఎండు రొయ్యలు అమ్ముకుని సాయంత్రానికి తిరిగొస్తుంది.

ఆ రాత్రి వాళ్ళ కూతురు ఆశ ఒక చిన్న నల్లడబ్బా తెచ్చింది. ఆశ వన్ టౌన్‌లో ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ చేస్తుంది. తను పనిచేసే షాపు కదా, ధర తగ్గించి ఇచ్చారు.

"ఇంక నెలనెలా ఎవరికీ కట్టక్కర్లేదు నాన్నా. డాబా మీద డిష్ మనదే. దాన్ని ఇంకో ఉపగ్రహం వైపు తిప్పితే ఉచిత చానెళ్ళన్నీ వచ్చేస్తాయి. ఈ డబ్బాకి పెన్‌డ్రైవ్ పెడితే రికార్డు కూడా చేస్తాది. అమ్మ సరుకు అమ్ముకుని వచ్చాక చూసుకోవచ్చు."

"నా సీరియలు వత్తాదా?" అని అడిగింది పోతమ్మ.

"అది రాదమ్మా. అది డబ్బులు కట్టే చానెల్."

"మరేటొత్తాది?"

"వార్తలు, వంటలు, పాత సినిమాలు, కబడ్డీ..."

కబడ్డీ అనగానే పోలిరాజు స్పానరు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. తెల్లారేదాకా ఆగమని ఆశ బలవంతాన కూర్చోబెట్టింది.

పొద్దున్న ముగ్గురూ పనిలో దిగారు. డాబా మీద తండ్రీ కూతుళ్ళు, కింద టీవీ ముందు పోతమ్మ. దక్షిణానికి కాస్త తూర్పుగా తిప్పాలంది ఆశ. ఫోన్లో దిక్సూచి తెరిస్తే అది గిరగిరా తిరుగుతోందే తప్ప ఒకచోట నిలబడదు. శ్లాబులోని ఇనుము దాన్ని నిలవనివ్వడం లేదు.

"అది అవతల పడీయే," అన్నాడు పోలిరాజు. సముద్రం వైపు ఒకసారి, వెనక కొండ వైపు ఒకసారి చూసుకుని చెయ్యి చాపాడు. "వంజరం కోసం ఎల్లే దారి ఇది. ఈ కొండ ముక్కు మన ఈపుకి రావాలి, లైట్‌హౌసు ఎడం భుజానికి రావాలి. ముప్పయ్యేళ్ళ నుంచి సీకట్లో ఎల్తన్నాను. దచ్చిణానికి కాసింత తూరుపంటే ఇదే."

డిష్‌ని అటు తిప్పి, అంగుళం అంగుళం పైకీ కిందకీ వంచుతూ పోయాడు.

"వచ్చినాది!" అని కింద నుంచి పోతమ్మ కేక. "పోనాది! ఎనక్కి తిప్పు. వచ్చినాది, వచ్చినాది! ఇంక దాన్ని ముట్టుకోకు మావా!"

తెర మీద ఎవరో మేకల పెంపకం గురించి చెబుతున్నారు. ముగ్గురూ పదినిమిషాల పాటు దాన్నే కళ్ళార్పకుండా చూశారు.

అలా డబ్బులు కట్టే టీవీ పోయి ఉచిత టీవీ వచ్చింది. పోలిరాజు కబడ్డీ పోటీలన్నీ రికార్డు చేసి, ఒక్కోటి రెండేసి సార్లు చూశాడు. పోతమ్మకి మాత్రం సీరియలు బెంగ పట్టుకుంది. అందులో కోడలు దాచిపెట్టిన సంగతి అత్తకి తెలిసే రోజు దగ్గరికొచ్చిందని అనుకుంటూ ఉండగానే రీఛార్జి అయిపోయింది మరి. ఆ బెంగ తీర్చింది జయమణి.

జయమణి సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో హెడ్ నర్సు. పోతమ్మకి పదిహేనేళ్ళుగా ఖాతాదారు. ఆమె భర్త జ్ఞానశేఖర్ పోర్టు ఆఫీసులో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాడు. పోతమ్మ వరండాలో గంప దించి నెత్తళ్ళు కొలుస్తూ, "నిన్నేటైనాదమ్మగారూ? ఆ కోడలు నిజం సెప్పీసినాదా?" అని అడిగేది. జయమణి డ్యూటీకి టైమవుతున్నా సరే, గుమ్మానికి ఆనుకుని నిలబడి మొదట్నుంచీ చివరిదాకా చెప్పేది. అత్త ఎలా చూసిందో, కోడలు చీర కొంగు ఎలా నలిపిందో చేసి మరీ చూపించేది.

ఒకరోజు పోతమ్మ వాళ్ళ కొత్త డబ్బా గురించి చెబుతూ, పాత నలుపు తెలుపు సినిమాలన్నీ మధ్యాహ్నం పూట వేస్తున్నారనీ, కావాలంటే రికార్డు చేసి తెస్తాననీ అంది.

"నా దగ్గర నాలుగొందల చానెళ్ళున్నాయి పోతమ్మా. ఒక్క సినిమా కోసం చూస్తూనే ఉన్నాను, ఎందులోనూ రాలేదు," అంటూ జయమణి ఒక పేరు చెప్పింది. పోతమ్మ ఎప్పుడూ విననిది. ఆడని సినిమా అట. "అందులో మా అమ్మ ఉంది. హీరోయిన్ కాదులే! అమ్మ నర్సింగ్ ట్రైనింగ్‌లో ఉండగా వాళ్ళ బ్యాచంతా మీ యారాడ బీచ్‌కి పిక్నిక్‌కి వచ్చారంట. అక్కడ షూటింగ్ జరుగుతోంది. గుంపులో పరిగెత్తడానికి ఆడపిల్లలు కావాలంటే వీళ్ళని పిలిచారంట. బతికున్నన్నాళ్ళూ చెప్పేది, నేను సినిమాలో ఉన్నానే అని. మేము నవ్వేవాళ్ళం. ఇంటర్నెట్‌లో ఒక పాట దొరికింది గాని, సినిమా లేదు."

జయమణి తల్లి పోయి పదకొండేళ్ళయింది. ఆ సంగతి పోతమ్మకి తెలుసు. ఆ రోజు బస్సులో వస్తున్నంతసేపూ సినిమా పేరు మర్చిపోకుండా పెదాలతో అనుకుంటూనే వచ్చింది.

మే నెలాఖరులో ఒక సాయంత్రం ఆ పాత సినిమాల చానెల్లో, రేపు వేయబోయే సినిమా పేరు చదివారు. వంటింట్లో ఉన్న పోతమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "మావా, అదే! జయమ్మగారి అమ్మ సినిమా!"

మధ్యాహ్నం ఒంటిగంటకి. మర్నాడు పొద్దున్న ఆశ డ్యూటీకి వెళ్తూ వెళ్తూ పోలిరాజు కబడ్డీలన్నీ చెరిపేసి పెన్‌డ్రైవ్ ఖాళీ చేసింది, టైమింగ్ పెట్టింది. పోలిరాజు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. పోతమ్మ ఆ రోజు గంప ఎత్తలేదు.

పన్నెండున్నరకి గాలి లేచింది. వాన నాలుగు చినుకులే, గాలి మాత్రం కొబ్బరి మట్టల్ని విరిచి రోడ్డు మీద పడేసింది. కొండ మీద ఎక్కడో స్తంభం ఒరిగిపోయిందట. ఊరంతా కరెంటు పోయింది. పోతమ్మ చీకటి టీవీ ముందు చతికిలబడి ఆశకి ఫోన్ చేసింది.

ఆశ వెంటనే, "అమ్మా, డబ్బా అడాప్టరు మీద ఎన్ని వోల్టులని రాసుందో నాన్నని చూడమను," అంది.

పోలిరాజు దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. "పన్నెండు," అన్నాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే గుమ్మం పక్కనున్న బోటు బ్యాటరీ వైపు చూశాడు. అదీ పన్నెండే.

"టీవీ దానిమీద ఆడదు. టీవీ అక్కర్లేదు కూడా," అంది ఆశ ఫోన్లో. "డబ్బాకి కరెంటిస్తే చాలు. అడాప్టరు వైరు కోసీ. తెల్లగీత ఉన్నది ప్లస్సు. నాన్నా, జాగ్రత్త! తిరగేసి పెడితే డబ్బా కాలిపోతాది."

"బోటుకి లైట్లు ఎట్టింది ఎవులనుకున్నావే? నాకు సెప్తన్నావేటి?" అన్నాడు. కత్తితో వైరు కోసి, పళ్ళతో తోలు లాగి, బ్యాటరీ ఎర్ర క్లిప్పు తెల్లగీత వైరుకి, నల్ల క్లిప్పు రెండోదానికి తగిలించాడు. పోతమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కళ్ళు తెరు. ఎలిగినాది."

డబ్బా ముందు చిన్న ఎర్ర అంకెలు వచ్చాయి. ఆశ చెప్పిన చానెల్ నంబరు నొక్కారు. రికార్డు బటన్ నొక్కారు. ఎర్రలైటు ఆరుతూ వెలగడం మొదలైంది. అప్పటికి ఒకటీ ఇరవై. సినిమా మొదలైపోయింది.

తర్వాత రెండు గంటలు ఆ ఇంట్లో జరిగింది చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గాలికి డిష్ కదలకుండా పోలిరాజు దానికి వలతాడు కట్టి, డాబా మీద రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. కింద పోతమ్మ బొమ్మా లేని, మాటా లేని డబ్బా ముందు కూర్చుని, ఆ ఎర్రలైటునే చూస్తోంది. పక్కింటావిడ తొంగిచూసి, "ఏటి సూత్తన్నావ్ పోతమ్మా?" అంటే, "సినిమా," అంది.

మూడున్నరకి ఆశ చెప్పినట్టు ముందు ఆపే బటన్ నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు క్లిప్పులు తీశారు. లోపల ఏముందో చూసుకునే దారి లేదు. ఆ రాత్రీ కరెంటు రాలేదు. పొద్దున్నే పోతమ్మ పెన్‌డ్రైవ్‌ని రుమాల్లో చుట్టి, జాకెట్లో దోపుకుని మొదటి బస్సెక్కింది.

ఆ రోజు జయమణికి సెలవు. పోతమ్మ ముందే చెప్పేసింది. "మొదట ఇరవై నిమిషాలు నేదమ్మగారూ. మిగతాది కూడా ఉన్నాదో నేదో తెల్దు. మేం సూడకండానే తీసేము."

జ్ఞానశేఖర్ పెన్‌డ్రైవ్ అందుకుని వాసన చూశాడు. "నెత్తళ్ళ వాసనొస్తోందే!" అంటూనే టీవీకి పెట్టాడు.

తెర నల్లగా ఉంది. కాసేపు అలాగే ఉంది. అంతలో టక్కున ఒక లాయరుగారు ప్రత్యక్షమై ఎవరినో కోప్పడటం మొదలుపెట్టాడు. జయమణి చప్పట్లు కొట్టింది.

ఆ లాయరు కోపం, హీరో ఉద్యోగం పోవడం, ఒక విషాదగీతం అన్నీ ఓపికగా చూశారు. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ముందుకి జరపడానికి జయమణి ఒప్పుకోలేదు. గంట దాటాక సముద్రం వచ్చింది.

"మా ఊరే!" అని పోతమ్మ లేచి నిలబడింది. "ఆ రాయి సూడండమ్మగారూ! ఇప్పుడు సగం ఇసకలో కూరుకుపోనాది. అప్పుడెంతుందో!"

ఎనిమిది మందో తొమ్మిది మందో ఆడపిల్లలు నీళ్ళ వైపు పరిగెత్తారు. హీరోయిన్ వాళ్ళ ముందు నిలబడి ఏదో అంది. అందరూ నవ్వారు. అంతే, వేరే సీను వచ్చేసింది.

"ఆపండి! వెనక్కి!" అంది జయమణి. మళ్ళీ చూశారు. "తెల్ల ఓణీ అమ్మాయి. అదే అమ్మ. ఆ నడక చూడండి."

"కాదు, రెండు జడలావిడ," అన్నాడు జ్ఞానశేఖర్. "మీ అమ్మ ముక్కు నాకు తెలీదా?"

"మా అమ్మ నాకు తెలీదా?"

మొగుడూ పెళ్ళాలు టీవీకి చెరో పక్కా నిలబడి తెర మీద వేళ్ళు పెట్టి వాదించుకున్నారు. తేలలేదు. చివరికి జయమణి పక్కవీధిలో ఉండే గ్రేసీ పిన్నికి ఫోన్ చేసింది. తల్లికి ఆవిడ సొంత చెల్లెలు. డెబ్బై నాలుగేళ్ళు. కర్ర పొడుచుకుంటూ, ఆయాసపడుతూ వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని టీవీకి జానెడు దూరంలో కుర్చీ వేయించుకుంది.

ఒక్కసారే చూసింది. "ఇద్దరూ కాదు. అదిగో, చివర్న ఉన్న పిల్ల. కెమెరా వైపు చూస్తోంది చూడు! చూడొద్దని వాళ్ళు మూడుసార్లు చెప్పారంట. అయినా చూసేసిందంట. అందుకే వెనక్కి పంపించేశారని ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ రాత్రి నేను ఓదార్చలేక చచ్చాను."

జ్ఞానశేఖర్ బొమ్మ ఆపాడు. అందరూ ముందుకి వంగారు. చివర్న మోకాలిలోతు నీళ్ళలో ఒక బక్కపల్చటి పిల్ల నిలబడి ఉంది. మిగతావాళ్ళంతా హీరోయిన్ని చూస్తున్నారు. ఆ ఒక్క పిల్లే నేరుగా వీళ్ళ వైపు చూసి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

జయమణి తెర దగ్గరికి జరిగి, "స్తోత్రం తండ్రీ," అని మెల్లగా అనుకుని, కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఎంత మొండిదో చూశావా పిన్నీ!"

"ఎప్పుడు కాదని?" అంది గ్రేసీ. "ఇంకోసారి వెయ్యి."

ఎన్నిసార్లు వేశారో ఎవరూ లెక్కపెట్టలేదు. పోతమ్మ లేచి గంప ఎత్తుకోబోతే జయమణి కూర్చోబెట్టి అన్నం పెట్టింది. తింటుండగా, "అయ్యో, నిన్నటి సీరియలు చెప్పనేలేదు నీకు," అంది.

"ఈయేల వద్దులెండమ్మగారూ. రేపు రెండూ కలిపి సెప్పండి," అంది పోతమ్మ.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చోగానే పోలిరాజు ఫోన్.

"ఏటైనాదే? పడ్డాదా? కాలిపోనాదా? పొద్దుట్నుంచి ఒక్క ఫోనూ నేదు!"

"పడ్డాది మావా. మన రాయి కూడా పడ్డాది. ఆ అమ్మగారి తల్లీ దొరికినాది."

"ఎలగున్నాది?"

"మన ఆశంత గుంట మావా. నీళ్ళల్లో నిలబడి నవ్వుతన్నాది."