స్తంభం వెనక బెంచీ

నూటపాతికేళ్ళ వేడుక దగ్గర పడేసరికి ఆ లూథరన్ చర్చిలో అందరికీ చరిత్ర మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. రిటైరైన మాష్టారు ఒకాయన నోట్‌బుక్కు పట్టుకుని గోడగోడకీ తిరిగి రాసుకుంటున్నాడు. ప్రసంగపీఠానికి మొదట్లో ఎన్ని మెట్లు, గంట ఏ సంవత్సరం బీటవారింది, రంగుటద్దాల కిటికీ ఎవరిచ్చారు. వడ్రంగికి మాత్రం చరిత్రంటే చెదలు. వారం రోజులుగా అతను బెంచీలు తిరగేసి వదులైన కాళ్ళు బిగిస్తున్నాడు. ఆల్టరు ముందు జనం మోకరించే కమ్మీ ఒక పక్క పుచ్చిపోతే దానికి కొత్త చెక్క అతికించాడు.

"ఇది తీసి అవతల పారెయ్యవయ్యా," అన్నాడు మాష్టారు, వెనకాల స్తంభం చాటునున్న పొట్టి బెంచీని చూపించి. "ఫొటోలో అసహ్యంగా ఉంటుంది."

ఆ బెంచీకి వీపు ఆనించుకునే పలక లేదు. దాని మీద కూర్చుంటే స్తంభం తప్ప ఆల్టరు కనిపించదు. వడ్రంగి తల్లి ప్రతి ఆదివారం కూర్చునేది దాని మీదే. అక్కడే ఎందుకని అతనెప్పుడూ అడగలేదు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభురాత్రి భోజనానికి ముందుకు వెళ్ళకపోతే మోకాళ్ళ నొప్పులనుకున్నాడు. కన్నకొడుకు, అందులోనూ యాభై రెండేళ్ళవాడు, ఆ మాత్రం అడక్కపోవడమేమిటంటే ఏం చెబుతాం! ఎక్కడ కూర్చున్న తల్లి అక్కడే పుట్టిందనుకుంటారు పిల్లలు.

సాయంత్రం ఇంటికొచ్చి, చేతులకంటిన జిగురు కడుక్కుంటూ మాటవరసకి చెప్పాడు.

"అమ్మా, నీ బెంచీ తీసేస్తున్నారు. ఆదివారం నుంచి నాతోపాటు ముందు కూర్చో."

బట్టలు మడతపెడుతున్న ఆవిడ చెయ్యి ఆగింది. "మరి నన్ను లెమ్మన్నారా?"

"ఎవరు లెమ్మనాలే?"

"అయ్యగారు."

అప్పుడు బయటపడింది సంగతి. ఇతను కడుపున పడేనాటికి ఆవిడకి పెళ్ళి కాలేదు. నాలుగో నెలలో అప్పటి పాస్టరు ఆవిడని సంఘం ముందు నిలబెట్టి ఆ బెంచీ చూపించాడు. నేను లెమ్మనేదాకా అక్కడే కూర్చో, ప్రభు భోజనం ముట్టుకోకు అన్నాడు. రెండు నెలలు తిరక్కుండా ఆయన విషజ్వరంతో పోయాడు. తర్వాత ఏడుగురు పాస్టర్లు వచ్చి వెళ్ళారు. వాళ్ళెవరూ అడగలేదు, ఈవిడా నోరు విప్పలేదు. కడుపు చేసిన పెద్దమనిషి మాత్రం ఆ ఏడే ఇంకొకర్ని చేసుకుని, చచ్చేదాకా మూడో వరసలో కూర్చుని గొంతెత్తి పాటలు పాడాడు. మగవాళ్ళకి అలాంటి బెంచీ ఎవరూ చేయించలేదు.

వడ్రంగికి ఒళ్ళు మండిపోయింది. "ఎప్పుడో పోయినవాడి మాట పట్టుకుని ఇన్నేళ్ళా?"

"పోతే మాత్రం మాట పోతుందట్రా? అందరి ముందూ కూర్చోబెట్టాడు. అందరి ముందూ లెమ్మనాలి." మడతపెట్టిన బట్టే మళ్ళీ మడతపెడుతూ అంది. "ఒక్కసారి ఆ కమ్మీ దగ్గర మోకరించి పోవాలనుందిరా. ఇంకేం లేదు."

తల్లి తనకోసమని ఏదైనా అడగడం, బుద్ధెరిగాక అతను వినడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే పాస్టరు దగ్గరికి వెళ్ళాడు. ఇప్పటి పాస్టరు వయసులో చిన్నవాడు, మంచివాడు. విని నిర్ఘాంతపోయాడు.

"అలాంటి శిక్షలు ఎప్పుడో మానేశారండీ! అమ్మగారిని రమ్మనండి, నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను."

"చెయ్యి చాలదు అయ్యగారూ. మాట కావాలి. అందరి ముందూ."

"అలాగే. అసలేమని రాశారో చూద్దాం పదండి."

మాష్టారు బయటికి తీయించిన పాత రిజిస్టర్లు లోపలి గదిలో బల్ల మీదే ఉన్నాయి. పేజీలు తిప్పగా తిప్పగా ఆవిడ పేరు దొరికింది. పక్కనే తప్పేమిటో, శిక్షేమిటో. దాని కింద వేరే సిరాతో, వణికిన రాతలో రెండు వాక్యాలు. పాస్టరు చదివి, పుస్తకం వడ్రంగి వైపు తిప్పాడు.

'పశ్చాత్తాపము చూచి, క్షమించి, తిరిగి చేర్చుకొనడమైనది. వచ్చే ఆదివారము సంఘమునకు ప్రకటించవలెను.'

కింద తేదీ వేసి ఉంది. ఆ వచ్చే ఆదివారం సంఘం చేసింది ఆయన అంత్యక్రియలు. తర్వాతి పాస్టరు కొత్త రిజిస్టరు మొదలుపెట్టాడు. దీన్ని మళ్ళీ ఎవరూ తెరవలేదు.

వడ్రంగి ఆ రెండు వాక్యాలూ వేలు పెట్టి మళ్ళీ చదివాడు. ఎవర్ని తిట్టాలో తెలిసుంటే కొంత నయంగా ఉండేది.

"అంటే మా అమ్మ ఇన్నాళ్ళూ ఊరికే కూర్చుంది."

పాస్టరు రిజిస్టరు మూసేశాడు.

"అయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇది ఆవిడకి తెలియకూడదు. ఇప్పుడు మీరే క్షమించినట్టు చదవండి."

"ఆల్టరు ముందు నిలబడి అబద్ధం ఎలా ఆడనండీ? ఆయన రాసిందే చదువుతాను. తేదీ చదవను. నావల్ల అయ్యేది అంతే."

వడ్రంగి దానికే ఒప్పుకున్నాడు.

ఆదివారం వచ్చింది. బెంచీ అక్కడే ఉంది. ఆ ఒక్కరోజూ ఆగమని మాష్టారితో వడ్రంగి గొడవపడ్డాడు. పాస్టరు ఆవిడ పేరు పిలిచి, పాత పాస్టరుగారు రాసిన మాటలంటూ ఆ మొదటి వాక్యం చదివాడు. "లెండి అమ్మగారూ," అన్నాడు. ఆవిడ లేచింది. కొడుకు చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ చూడకుండా నడిచి, కమ్మీ దగ్గర మోకరించింది. రెండు చేతులూ చాపి రొట్టె అందుకుంది. వడ్రంగికి దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే, అమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే సగం దారిలో ఆవిడ ఆగింది.

"పాత అయ్యగారు రాసిందే కదరా చదివింది?"

"ఊఁ."

"ఎప్పుడు రాశాడంట?"

"ఏమోనమ్మా. తేదీ సరిగ్గా కనపళ్ళేదు."

"తేదీ ఎందుకురా. నాకు ఆరో నెలలో ఆయన పోయాడు. పోయాక రాయడుగా."

వడ్రంగి చెప్పు సరిచేసుకునే వంకతో వంగాడు.

"అంటే నువ్వు పుట్టేనాటికే నా మీద ఏం లేదు." ఆవిడ గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. "నీ బాప్తిస్మానికి, నిన్నెత్తుకుని ఆల్టరు పక్కనున్న ఆ రాతి తొట్టి దాకా వెళ్ళే మొహం లేక, గుమ్మంలోనే చెయ్యమని బతిమాలుకున్నాను. చెంబుతో నీళ్ళు పోశారు. ఎందుకు గుమ్మంలో అని ఆ కొత్త అయ్యగారైనా అడగలేదు. నావల్ల నా బిడ్డకి కూడా గుమ్మమే గతయ్యిందని ఎంత ఏడ్చానో."

"పోనీలే అమ్మా. అయిపోయిందిగా."

"అయిపోయింది," అంది.

ఇల్లు చేరాక, చర్చికి వేసుకునే మంచి బట్టలు మార్చుకుని, వాటిని పెట్టె అడుక్కి నెట్టి మూత వేసింది. వానొచ్చినా వరదొచ్చినా యాభై రెండేళ్ళలో ఒక్క ఆదివారం మానని మనిషి.

"వచ్చే వారం నువ్వెళ్ళిరా నాయనా," అంది. "నేను రాను."