గురువుగారి బల్ల

ఆరడుగుల కటింగ్ మాస్టర్ నడుము పట్టుకుని దర్జీ దుకాణం తలుపు తీశాడు. ఇవాళే ఆఖరి రోజు. పక్క వీధిలో కుట్టుపని చేసే తమ్ముడు మధ్యాహ్నం వస్తే కత్తెర అతని చేతిలో పెట్టేసి ఇంట్లో కూర్చోవాలి. రెండు వారాలు మంచం దిగకపోయినా నొప్పి తగ్గలేదు సరికదా, ఇంకా మొండికేసింది.

తెల్లకోటు కుట్టించుకోవడానికి వచ్చిన ఫిజియోథెరపీ డాక్టరమ్మ, అతను బల్లమీదకి వంగడం చూసింది.

"ఏంటి మాస్టారూ, సూది పారేసుకున్నారా?"

"నా పని తీరే అంతమ్మా, ముప్పయ్యేళ్లుగా."

"కాళ్లు మొద్దుబారుతున్నాయా? ఒంటికి, రెంటికి వెళ్లడానికి ఇబ్బందా?"

"అబ్బే, లేదు."

"హమ్మయ్య!" అంటూ ఆవిడ అతని మెడలోని టేపు లాక్కుంది. అందరినీ కొలిచే మనిషిని ఎవరో కొలవడం అదే మొదటిసారి. "నేల నుంచి మోచేయి నలభై నాలుగు, బల్ల ముప్పై! బల్ల మోచేతికి ఆరంగుళాల కిందుంటే చాలు, ఎనిమిది అంగుళాలు లేపండి. గంటకోసారి అటూ ఇటూ నడవండి. మంచం మాత్రం ఎక్కకండి, ఒళ్లు ఇంకా బిగుసుకుపోతుంది."

"లేపడమా? ఇది గురువుగారి బల్ల!"

మిషను కుడుతున్న భార్య పకపకా నవ్వింది. "ఆయన మీ భుజందాకా కూడా వచ్చేవారు కాదు. భక్తంతా నడుంతోనే చూపించాలా మీరు?"

ఆవిడ కబురు పెడితే అరగంటలో పక్క దుకాణం వడ్రంగి నాలుగు చెక్క దిమ్మలతో వచ్చి, బిగించడానికి బల్లను తిరగేశాడు.

"ఏమండీ! ఇటు రండి, త్వరగా!" భార్య కేక పెట్టింది.

నాలుగు కాళ్ల చివర్లలోనూ రంపం గాట్లు! చెక్క అడుగున పెన్సిలుతో గురువుగారి గుండ్రటి అక్షరాలు: 'నా మోచేయి 36. బల్ల 30కి కోయించాను.'

మాస్టరు ఆ గాట్లు తడిమి చూశాడు. ఆయనా తన ఒంటికి కొలుచుకున్నారు! ఇన్నేళ్లూ ఆ మాట తన చేతి కిందే ఉంది. పెన్సిలు తీసి దాని కింద రాశాడు: 'నా మోచేయి 44. బల్ల 38.'

బల్ల నిలబడింది. మాస్టరూ నిలబడ్డాడు. కత్తెర సర్రున సాగింది. నొప్పి పోలేదు గానీ, అరవడం మాని గొణుగుతోంది.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చి చెయ్యి చాచాడు. "కత్తెర ఇస్తానన్నావు కదన్నయ్యా?"

మాస్టరు ఆ చేతిలో టేపు పెట్టాడు.

"ముందు వెళ్లి నీ బల్ల కొలుచుకోరా!"