ప్రిపేర్ అయ్యేవారు రావద్దు

అశోక్‌నగర్ చౌరస్తాలో కరెంటు స్తంభం కనబడదు, కాగితాలు కనబడతాయి. గ్రూప్స్‌కి కొత్త బ్యాచ్, ఎస్సైకి కొత్త బ్యాచ్, లేడీస్ హాస్టల్, లేడీస్ మెస్, మళ్ళీ గ్రూప్స్‌కి కొత్త బ్యాచ్. ఒకదాని మీద ఒకటి అంటించీ అంటించీ స్తంభాలే లావెక్కాయి. ఆ సోమవారం పొద్దున వాటి మధ్య చేతిరాతతో ఒక కాగితం వెలిసింది. గుండ్రటి అక్షరాలు. ఒక్క ఒత్తు కూడా పక్కకి జరగలేదు.

“లేడీస్ రీడింగ్ హాలుకు ఇన్‌చార్జి కావలెను. డిగ్రీ చాలును. ఎక్కువ మాట్లాడే అలవాటు ఉండరాదు. ప్రిపేర్ అయ్యేవారు రావద్దు.”

కింద చిక్కడపల్లిలో ఒక సందు అడ్రసు, ఇంటర్వ్యూ టైము.

మహేశ్వరి చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. అశోక్‌నగర్‌లో నిలబడి ఈ మాట అనాలంటే గుండె ధైర్యం ఉండాలి. ఇక్కడ ప్రిపేర్ కానిదెవరు? చౌరస్తాలో చాయ్ అమ్మే ఈరన్న కూడా రెండుసార్లు గ్రూప్ ఫోర్ రాశాడు. ఈ నాలుగు వీధుల్లో ఎవరినైనా ఏం చేస్తున్నవని అడిగితే “ప్రిపేర్ అయితున్న” అంటారు. దేనికని అడగడం మర్యాద కాదు. ఎప్పటినుంచని అడగడం అసలే మర్యాద కాదు.

మహేశ్వరి తొమ్మిదేళ్ళుగా ప్రిపేర్ అవుతోంది. అది లోకం లెక్క. అసలు లెక్క వేరు. ఏడు నెలల కిందట, ఫలితాల జాబితాలో తన నంబరు లేదని తెలిసిన మర్నాడు, ఆమె ఎప్పట్లాగే లైబ్రరీకి వెళ్ళి పుస్తకం తెరిచింది. ఒక వాక్యం చదివింది. మళ్ళీ అదే వాక్యం చదివింది. నాలుగోసారికి పుస్తకం మూసేసింది. ఆ తర్వాత దాన్ని తెరవలేదు. కానీ రోజూ ఆరింటికి బ్యాగు వేసుకుని లైబ్రరీకి వెళ్తూనే ఉంది. పేపర్లు చదివేది, కిటికీలోంచి రోడ్డు మీద బస్సులు చూసేది, సాయంత్రం అలసిపోయిన మొహంతో హాస్టలుకి వచ్చేది. ఆ అలసట మాత్రం నటన కాదు. ఏమీ చెయ్యకుండా చేస్తున్నట్టు కనబడటం చాలా పెద్ద పని.

సిద్దిపేట దగ్గరి ఊరినుంచి తల్లి కమలవ్వ రోజూ ఫోన్ చేసి అడిగేది, “సదువుతున్నవా బిడ్డా?” అని. “సదువుతున్న అవ్వా” అనేది మహేశ్వరి. ముప్ఫై రెండేళ్ళు వచ్చాయి. ప్రభుత్వం పుణ్యమా అని వయోపరిమితి పెరిగింది కాబట్టి ఇంకో పదేళ్ళు ప్రిపేర్ అయ్యే అర్హత ఉంది. ఆ అర్హతే ఆమె కొంప ముంచింది. లేకపోతే ఎవరో ఒకరు ఇక చాల్లే అనేవాళ్ళు, ఆమె ఆ మాట పట్టుకుని బయటపడేది.

ఈ ఉద్యోగం దొరికితే పట్నంలో ఉండటానికి ఒక నిజమైన కారణం ఉంటుంది. ఎవరికీ అబద్ధం చెప్పక్కర్లేదు. అర్హత కూడా నూటికి నూరుపాళ్ళు ఉంది, ఆమె ప్రిపేర్ అవ్వడం లేదు. కాకపోతే ఆ సంగతి చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తనకి తాను కూడా పైకి అనుకోలేదు.

మర్నాడు పదింటికి ఇంటర్వ్యూ. మహేశ్వరి తొమ్మిదింబావుకే వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. నిమిషం ఆలస్యమైతే పరీక్ష సెంటరు గేటు మూస్తారని తొమ్మిదేళ్ళలో ఒంటికి పట్టిపోయింది. చేతి గడియారం పెట్టుకోలేదు. చెవి దిద్దులు తీసి బ్యాగులో వేసుకుంది. బూట్లు కాకుండా చెప్పులు వేసుకుంది. ఆధార్ జిరాక్సు, మూడు ఫోటోలు, రెండు నల్ల బాల్‌పెన్నులు తెచ్చుకుంది. ఇవేవీ ఎవరూ తెమ్మనలేదు.

గేటు తీసిన హైమవతిగారికి డెబ్భై దాటాయి. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ నాన్నగారు సచివాలయంలో ఉద్యోగం కోసం తెనాలి నుంచి వచ్చి కట్టిన ఇల్లది. కింద ఆవిడ ఉంటారు, పైఅంతస్తు రీడింగ్ హాలు.

“టైముకి ముందే వచ్చావే, మంచిది. చూడమ్మాయ్, పైకి వెళ్ళాక మాటల్లేవు. ఇంటర్వ్యూ కూడా పైనే.”

“పైన అమ్మాయిలు చదువుకుంటున్నరు గద మేడం?”

“అందుకే. నోరు మూసుకుని ఇంటర్వ్యూ ఇవ్వలేనిది నోరు మూసుకుని ఉద్యోగం ఏం చేస్తుంది?”

మహేశ్వరి నోరు మూసుకుని మెట్లెక్కింది.

పైన చెక్క అరల్లో నలభైమంది అమ్మాయిలు తలలు వంచుకుని ఉన్నారు. చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. హైమవతిగారు గుమ్మం పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని, మహేశ్వరిని ఎదురుగా కూర్చోమని వేలితో చూపించి, ఎర్ర పెన్ను మూత తీసి, తెల్లకాగితం మీద మొదటి ప్రశ్న రాసి ఇటు తోశారు.

పేరు, ఊరు. మహేశ్వరి ఒక్కో అక్షరానికి ఒక్కో గడి ఉన్నట్టు ఎడం ఎడంగా రాసింది. “మధ్యలో ఈ సందులేమిటి?” అని ఎర్రసిరాతో ప్రశ్న వచ్చింది. “అలవాటు మేడం” అని సందులు లేకుండా రాసింది.

తర్వాతి కాగితంలో ప్రశ్న లేదు, సమాచారం ఉంది. “నీకు ముందు ఇద్దరు పనిచేశారు. మొదటి అమ్మాయి డ్యూటీలో చదువుకుని గవర్నమెంటు ఉద్యోగం తెచ్చుకుంది. చెప్పకుండా వెళ్ళింది. రెండో అమ్మాయి డ్యూటీలో చదువుకుని ఉద్యోగం తెచ్చుకోలేదు. ఏడుస్తూ వెళ్ళింది. తాళాలు ఇద్దరూ పట్టుకుపోయారు.”

మహేశ్వరి సానుభూతిగా తలూపింది.

“ఒకే సీటు నాదంటే నాదని ఇద్దరు వచ్చారు. ఏం చేస్తావు?” ఇది అసలు ప్రశ్న. మహేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి దానంతటదే కదిలింది. ముందు ఉపోద్ఘాతం, పట్టణ జీవనంలో స్థలాభావం గురించి. తర్వాత రాజ్యాంగం పద్నాలుగో అధికరణం, సమానత్వం. కారణాలు, ప్రభావాలు, అడ్డంగా ఒక పటం. ముగ్గురు సభ్యుల కమిటీ. ముగింపులో ఆశావహ దృక్పథం. మూడు పేజీలయ్యింది. ఇరవై నిమిషాల తర్వాత తలెత్తి చూస్తే హైమవతిగారు కునుకు తీస్తున్నారు.

కాగితాల చప్పుడుకి లేచి, మూడు పేజీలూ దిద్దారు. కమిటీ మొత్తం కొట్టేశారు. మూడో పేజీ చివర “ఇద్దర్నీ జర ఓపిక పట్టుమని చెప్త, ఖాళీ అయిన సీటు చూపెడ్త” అన్న ఒక్క వాక్యం కింద గీత గీశారు. “జవాబు ఇదొక్కటే. మిగిలిందంతా దండగ. జర అంటే ఎంత?” అని రాశారు.

మహేశ్వరి పుట్టినప్పటినుంచీ వాడుతున్న మాట, ఎంతో ఎప్పుడూ కొలవలేదు. చివరికి “వాళ్ళు ఓర్చుకునేంత” అని రాసింది. పదికి ఆరు పడ్డాయి.

అంతలో పదిహేడో నంబరు సీటు నుంచి గుసగుస. హైమవతిగారు అటువైపు గడ్డంతో చూపించారు. ఇది ప్రాక్టికల్స్ కాబోలు. మహేశ్వరి వెళ్ళి నిలబడింది. చిన్న పిల్ల, ఇరవై రెండు దాటవు. బల్ల కిందికి దూరినంత వంగి ఫోన్లో అంటోంది, “సదువుతున్న అవ్వా, నిజంగ సదువుతున్ననే.”

మహేశ్వరికి ఆ పిల్లని ఏమీ అనాలనిపించలేదు. అరచేతంత చిట్టీ చింపి రాసి ముందు పెట్టింది. “మెట్ల మీద కూసొని మాట్లాడు. అవ్వకు నీ గొంతు మంచిగ వినవడాలె.” ఆ పిల్ల తలెత్తి చూసి, ఫోను పట్టుకుని బయటికి వెళ్ళింది. మహేశ్వరి తిరిగొచ్చేసరికి బల్ల మీద పదికి తొమ్మిది వేసి ఉంది.

ఇక ఒక్క కాగితం మిగిలింది.

“నువ్వు ఇంకా ప్రిపేర్ అవుతున్నావా?” దాని కింద జవాబుకి ఒకే ఒక్క గీత.

ఇంత తేలిక ప్రశ్న తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ రాలేదు. జవాబు తెలుసు. జవాబు నిజం కూడా. రాస్తే ఉద్యోగం వస్తుంది. మహేశ్వరి పెన్ను పట్టుకుని ఆ గీత వైపు చూస్తూ కూర్చుంది. లేదు అని రాస్తే, వద్దన్న పెళ్ళి సంబంధాలు, అన్న రమాకాంత్‌తో పడ్డ గొడవలు, పండగలకి వెళ్ళకుండా హాస్టల్లో ఉండిపోయిన రోజులు, అన్నీ ఆ ఒక్క గీత మీదికి వచ్చి కూర్చుంటాయి. ఇంత చిన్న గీత వాటిని మోయలేదు. మైనస్ మార్కులుండే పరీక్షల్లో ఆమె నేర్చుకున్న గొప్ప పాఠం ఒకటుంది. తప్పు రాస్తే ఉన్న మార్కులు పోతాయి, వదిలేస్తే ఏమీ పోదు. అందుకని చెయ్యాడని ప్రతిచోటా వదిలెయ్యడమే. ఇక్కడా అదే చేసింది. పెన్ను మూత పెట్టి, గీతని ఖాళీగా వదిలి, కాగితాన్ని అటు తోసింది.

హైమవతిగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. కాగితం తిప్పి వెనకా చూశారు. ఎర్ర పెన్నుతో రాశారు: “ఖాళీ ఎందుకు?”

మహేశ్వరి మళ్ళీ మూత తీసింది. ‘బం’ అని రాసింది. అక్కడే చెయ్యి ఆగింది. తొమ్మిదేళ్ళు రాసీ రాసీ అరిగిన చెయ్యి, సరిగ్గా అప్పుడే మొరాయించింది. చెయ్యి ఆగిపోయేసరికి నోరు తెరుచుకుంది.

“బంద్ వెట్టిన మేడం” అంది. అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. “ఏడు నెలలైతంది. నేను ప్రిపేర్ అయితలేను. ఇంక కాను గూడ.”

నలభై తలలు ఒక్కసారి లేచాయి. గర్భగుడిలో చెప్పులేసుకున్నదాన్ని చూసినట్టు చూశాయి. మహేశ్వరికి మొహం భగ్గుమంది. తల్లికి చెప్పలేనిది, హాస్టల్లో పక్క మంచం స్నేహలతకి చెప్పలేనిది, పోయి పోయి నలభైమంది ప్రిపేరయ్యేవాళ్ళ మధ్య కూర్చుని చెప్పింది. అదీ మాట్లాడకూడని చోట. మాట్లాడనివ్వకుండా చూసే ఉద్యోగం కోసం వచ్చి. ఇక లేచి వెళ్ళిపోవడమే మేలనుకుంది. బ్యాగు దగ్గరికి లాక్కుంది.

హైమవతిగారు నోటిమీద వేలు పెట్టలేదు. ముప్ఫై నాలుగేళ్ళ దస్తూరితో నిదానంగా రాసి, కాగితం తిప్పి పెట్టారు. “మాట్లాడినందుకు ఒక మార్కు తీసేశాను. రేపు ఉదయం అయిదున్నరకి రా. తాళాలిస్తాను. వెళ్ళేటప్పుడు తిరిగి ఇవ్వాలి.”

మహేశ్వరి దాన్ని రెండుసార్లు చదివింది. సంతోషం వేసింది. దాంతోపాటు, ఎవరో దగ్గరివాళ్ళు పోయినంత దుఃఖం కూడా వచ్చింది. రెంటిలో ఏది ముందు పడాలో తెలియక అలాగే కూర్చుంది.

అప్పుడు చేతికి ఏదో తగిలింది. మెట్లమీద ఆ మాటలు విని తిరిగొచ్చిన పదిహేడో నంబరు పిల్ల తన సీటుకి వెళ్తూ వెళ్తూ చిట్టీ పెట్టింది. “అక్కా, మరి మీ పాలిటీ నోట్స్ ఎవరికన్నా మాటిచ్చిండ్రా?”

మొదటిసారి చదివితే మనిషి పోయిన గంటకే బీరువా తాళం అడిగినట్టుంది వరస. తర్వాత మళ్ళీ చదివింది. ఇన్నేళ్ళలో తన చదువు ఒకరికి కావలసి రావడం ఇదే మొదటిసారి. “లేదు. నువ్వే తీస్కో. ఎకానమీ వద్దు, అది నాకే సక్కగ రాదు” అని రాసిచ్చింది.

అయిదు నిమిషాల్లో ఆ చిట్టీ తిరిగొచ్చింది. వెనకవైపు రాసి ఉంది, పెన్సిలుతో, చెరిపెయ్యడానికి వీలుగా.

“బంద్ వెడితే ఎట్లుంటది అక్కా?”

మహేశ్వరి తలెత్తింది. పదిహేడో నంబరు తల దించుకునే ఉంది. కానీ హాల్లో ఒక్క పేజీ కూడా తిరగడం లేదు. ఇది ఆ ఒక్క పిల్ల అడిగిన ప్రశ్న కాదని మహేశ్వరికి అర్థమయ్యింది. ఈసారి ఉపోద్ఘాతం రాయలేదు. ఆశావహ దృక్పథం రాయలేదు. ఉన్నది రాసింది.

“ఇప్పుడైతే మస్తు ఆకలైతున్నది.”

చిట్టీ పదిహేడు నుంచి పద్దెనిమిదికి వెళ్ళింది. అక్కణ్ణించి వెనక వరుసకి. ఒక్కొక్కరూ విప్పి చదవడం, మడిచి పక్కకి అందించడం. ఎవరూ నవ్వలేదు. చివరి వరుసదాకా పోయిన చిట్టీ మళ్ళీ చేతులు మారుతూ ముందుకి వచ్చేటప్పుడు దాని వెంట ఒక స్టీలు టిఫిన్ డబ్బా కూడా వచ్చింది.

లోపల ఏమీ తినరాదని గోడమీద పెద్దక్షరాలతో రాసి ఉంది. హైమవతిగారు కళ్ళజోడు తీసి, కొంగుతో తుడవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు. డబ్బాలో చల్లారిపోయిన హాస్టల్ ఉప్మా ఉంది. మహేశ్వరి చప్పుడు కాకుండా మొత్తం తినేసింది.