ఈత రాని హీరో

మా ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున 1956 మొదలవుతుంది. ఆ సంవత్సరంలోకి వెళ్ళేది మా ఆయన శేఖర్, ఆయన స్నేహితులిద్దరు. వాళ్ళు తిరిగొచ్చేదాకా టీలు అందించేది 2011లో ఉన్న నేను. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ వెనక మాది కిరాయి పోర్షన్. ముందు గదికీ వంటింటికీ మధ్య తలుపు లేదు, పాత చీరతో కుట్టిన తెర ఉంది. ఆ తెర వెనక బియ్యంలో రాళ్ళు ఏరుతూ నేను విన్నంత కాలయానం ఈ ఊళ్ళో ఇంకే ఆడదీ విని ఉండదు.

శేఖర్ ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. మిగిలిన వేళల్లో సినిమా కథ రాస్తాడు. పెళ్ళైనప్పటి నుంచీ రాస్తూనే ఉన్నాడు. ఇప్పటి కథలో హీరో మన కాలం ఉద్యమకారుడు. టైమ్ మిషన్ ఎక్కి 1956కి వెళ్ళి, తెలంగాణను ఆంధ్రలో కలపకుండా ఆపాలని చూస్తాడు. వినడానికి బాగుంటుంది. కానీ కథ ఎప్పుడూ ఇంటర్వెల్ దాటదు, ఎందుకంటే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పే రామమోహనరావు గారు దాన్ని దాటనివ్వరు. ఆయనది గుంటూరు వైపు. చిన్నప్పుడే వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు.

"శేఖర్, కలపడం ఆగిపోయిందనుకో. అప్పుడు ఉద్యమం ఉండదు. ఉద్యమం లేకపోతే నీ హీరో మిషన్ ఎందుకు ఎక్కుతాడయ్యా? ఎక్కకపోతే ఆపేదెవరు? పైగా మా నాన్న ఇటు రాడు. నేను నీ ఇంట్లో కూర్చుని ఈ టీ తాగను," అన్నారాయన ఒక ఆదివారం.

"తాగకుంటె మంచిదే గద, ఒక కప్పు మిగుల్తది," అన్నాడు భిక్షపతి. అతను ఒక టీవీ ఛానల్లో ఎడిటింగ్ చేస్తాడు. శేఖర్ పెళ్ళికి ముందు ఇద్దరూ ఇదే గడ్డిఅన్నారంలో ఇంకొందరితో కలిసి ఒకే రూములో ఉండేవాళ్ళు. ముగ్గురూ నవ్వుకున్నారు. ఉద్యమం గురించి రోడ్డు మీద ఎంత అరుచుకున్నా మా ఇంట్లో వాళ్ళ మధ్య తగాదా రాలేదు. ఆ సంగతి నాకు ఇష్టమే, చెప్పాలి కదా.

తగాదా వచ్చింది మూసీ దగ్గర. హీరోను పోలీసులు తరుముతుంటే వరదలో ఉన్న మూసీ ఈది అవతలి ఒడ్డుకు చేరాలన్నాడు భిక్షపతి. శేఖర్ ఒప్పుకోలేదు. "మొదటి సీన్ల వానికి ఈత రాదని చెప్పినం. వాన్ని చెరువు కాడ దోస్తులు ఎక్కిరిచ్చిన్రు. ఇప్పుడు ఈదితే ఎట్ల? టైమ్ మిషన్ అబద్ధమని అందరికీ ఎరుకే, అయినా నమ్ముతరు. కానీ మనం పెట్టిన మాట మనమే తప్పితే మాత్రం ఎవడు నమ్మడు."

"వచ్చు గని దాచిండు అందాం," అన్నాడు భిక్షపతి.

"దాస్తే ఎందుకు దాచిండో చెప్పాలె. చెప్పకుంటె వాడు హీరో కాదు, మోసగాడు."

ఎంత బాగా చెప్పాడో అనిపించింది. నిజంగానే అనిపించింది. మా ఆయనకు బుద్ధి లేదని నేనెప్పుడూ అనను. టీ గ్లాసులు తీయడానికి ముందు గదిలోకి వెళ్ళినప్పుడు నాకూ ఒక సందేహం అడగాలనిపించింది. "హీరో ఆర్నెల్లు అక్కడనే ఉంటడు గద. మరి గా ఆర్నెల్లు ఇంట్ల ఆయన భార్య ఏంజేస్తది?"

శేఖర్ కాగితాల మీంచి తల ఎత్తలేదు. "ఎదురుచూస్తది," అన్నాడు.

"ఇంటి కిరాయి, పిల్ల బడి, అత్త మందులు?"

ఈసారి ముగ్గురూ నవ్వారు. "అవన్నీ కథకి అడ్డం రావులెండి వదినగారూ," అన్నారు రామమోహనరావు గారు మర్యాదగానే. ఆయన చెడ్డవాడు కాదు. నాకు జవాబు చెప్పాననుకుని మళ్ళీ శేఖర్ వైపు తిరిగి, "అసలు చిక్కు ఇంకోటుంది. గతం మారిందని తెలిసేది మార్చి వచ్చినవాడొక్కడికే. మిగతావాళ్ళకి అదే అసలు బతుకు. వేరే బతుకు ఒకటి ఉండాల్సిందని వాళ్ళకి అనుమానం కూడా రాదు," అన్నారు. నేను గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చేశాను. సింకులో అప్పటికే పొద్దుటి గిన్నెలు ఉన్నాయి.

నాది పోచంపల్లి. మా అమ్మ వజ్రమ్మ చిటికి కట్టడంలో పేరున్న మనిషి. నేయకముందే దారాన్ని ముడులు కట్టి రంగులో ముంచుతారు, ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. చీర మీద ఏ బొమ్మ రావాలో ఆ ముడుల దగ్గరే తేలిపోతుంది. మగ్గం మీదికి వచ్చాక ఎంత మంచి నేతగాడైనా దాన్ని మార్చలేడు. ఆ ముడులు చూస్తూ పెరిగాను గనుక నాకు డిజైన్ చదవాలని ఉండేది. పెళ్ళైన కొత్తలో సేలంలో ఆరు నెలల చేనేత కోర్సులో సీటు వచ్చింది. అప్పుడు శేఖర్ నా చెయ్యి పట్టుకుని, "నాకు టీ పెట్టుకునుడు గూడ రాదు ప్రసన్నా. నువ్వు పోతే హోటల్ తిండితో సచ్చిపోత," అన్నాడు. అత్తమ్మ సైదమ్మ పక్కనే కూర్చుని, "మావోనికి నీళ్ళు ముంచుకొని తాగుడు గూడ తెల్వదు బిడ్డా, అంత గారాబంగ పెంచిన," అంది. నేను నమ్మాను. పాపం అనిపించింది కూడా. సేలం వెళ్ళలేదు. తర్వాత జ్యోతిక పుట్టింది. తర్వాత దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో చేరాను. పొద్దున వంట, మధ్యాహ్నం నిలబడి చీరలు విప్పడం, సాయంత్రం మళ్ళీ వంట. ఇదే నా అసలు బతుకనుకున్నాను.

ఆ వారంలోనే షాపు యజమానురాలు కుసుమకుమారి మేడం నన్ను పిలిచారు. హన్మకొండలో కొత్త షాపు పెడుతున్నారు. ఆరు నెలలు అక్కడే ఉండి దాన్ని నిలబెట్టాలి. మగ్గాల దగ్గరికి నేనే వెళ్ళి, డిజైన్లు నేనే చెప్పి నేయించుకోవచ్చు. వారానికి ఒక రోజు ఇంటికి రావచ్చు. "నీ కళ్ళు నాకు కావాలమ్మా. కానీ సోమవారం పొద్దున్నే చెప్పెయ్, లేదంటే ఇంకో అమ్మాయిని చూసుకుంటా," అన్నారు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఇంట్లో చెప్పాను. శేఖర్ ముద్ద కలుపుతూనే, "ఆర్నెల్లా? నాకు వంట రాదని తెల్వదా నీకు?" అన్నాడు. కోపం కూడా లేదు ఆ మాటలో. వాన పడుతుందేమో అన్నట్టు అన్నాడు. అత్తమ్మ తన మోకాళ్ళ వంక చూసుకుంది. నేను ఇంకో గరిటె పప్పు వేశాను. మేడంకి ఏమని చెప్పుకోవాలో ఆలోచిస్తూ మిగిలిన రోజులు గడిపాను.

ఆదివారం వచ్చింది. ఆ ఆదివారం 1956 లేదు, వంటావార్పు ఉంది. తెలంగాణ కోసం జనమంతా రోడ్ల మీదే వండుకుని, రోడ్ల మీదే తినాలి. బస్సులు కదలకూడదు. మా గల్లీ ఆడవాళ్ళంతా బియ్యం, పప్పు మూటలు కట్టుకుని ఎల్బీనగర్ చౌరస్తాకు నడిచాం. నాకూ ఉత్సాహంగానే ఉంది. తెలంగాణ నాకూ కావాలి. సినిమాల్లో మా మాట మాట్లాడితే ఎవరో ఒకరు నవ్వడం నాకూ మంటే. జ్యోతిక చేతిలో చిన్న జెండా పట్టుకుని తాత ఊరు జాతరకు వెళ్తున్నట్టు గెంతుతూ నడిచింది. అత్తమ్మ దారంతా మోకాళ్ళ మాట ఎత్తలేదు.

చౌరస్తాలో వరసగా రాళ్ళ పొయ్యిలు, వాటి మీద అన్నం వండే పెద్ద గంజులు. మా వైపు పొయ్యికి ఒప్పుకున్న వంటాయన రాలేదు. పచ్చి కట్టెలు, పొగ, ఆడవాళ్ళం ఇంకా కూరగాయలు కోస్తూనే ఉన్నాం. శేఖర్ ప్యాంటు మడిచి, చొక్కా చేతులు పైకి లాగి, పొయ్యి ముందు కూర్చున్నాడు. ఏదో సరదాకి అనుకున్నాను. కట్టెలు తీసి ఎడం ఎడంగా పేర్చాడు, మంట లేచింది. ఎసరు ఎంత పెట్టాలో ఎవరినీ అడగలేదు. అన్నం ఉడుకుతుంటే ఒక మెతుకు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, వెంటనే కింది కట్టె ఒకటి వెనక్కి లాగాడు. పప్పులో ఉప్పు అరచేతితో వేశాడు, రుచి చూడలేదు. వెల్లుల్లి ఎర్రబడేదాకా ఆగి, మిరపకాయలు మాడకముందే పోపు దించాడు. నేను కత్తిపీట ముందు కూర్చుని ఆ చేతుల్నే చూస్తున్నాను. వంట రాని చేతులు అలా ఉండవు. నాకు రోజూ చేసే పని అది, నాకు తెలియదా?

"ఏం జూస్తున్నవ్ వదినా? నీకేంది, అన్న చెయ్యి నీకు ఇంట్ల రోజు దొరుకుతది," అన్నాడు భిక్షపతి విస్తరి పట్టుకుని. "రూముల ఉన్నప్పుడు మా అందరికి ఈయననే వండుతుండె. ఈయన ఊరికి పోతే మేం పస్తులే."

అత్తమ్మ కొడుకును చూసి మురిసిపోతోంది. "రూము దాక ఎందుకు? నేను నాట్లకు పోతే ఇంట్ల అన్నం కూర వీడే వండి పెడ్తుండె. బడికి పోయే పోరడు."

"మరి నీళ్ళు ముంచుకునుడు గూడ రాదంటివి గదత్తమ్మా," అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. "పెండ్లైనంక మొగోడు పొయ్యి కాడ కూసుంటె నలుగురు ఏమంటరు బిడ్డా?"

చౌరస్తాలో నలుగురు కాదు, వేలమంది ఉన్నారు. టీవీ కెమెరాలు ఉన్నాయి. అందరూ శేఖర్‌ను మెచ్చుకుంటున్నారు. జ్యోతిక వేళ్ళు నాకుతూ వచ్చి, "అమ్మా, నాన్న పప్పు నీ పప్పు కంటె మస్తుంది," అంది. తిన్నాను. పిల్ల చెప్పింది నిజమే. ఆ ముద్ద నోట్లో ఉండగానే నాకు సేలం గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా ఎక్కడో మొదట్లోనే పడి ఉన్న ముడి కళ్ళకు కనిపించింది. నాకు వేరే బతుకు ఒకటి ఉండాల్సిందని తెలిసినవాడు మా ఇంట్లోనే ఒకడు ఉన్నాడు. నేనొక్కదాన్నే తెలియకుండా బతికాను. ఏడుపు రాలేదు. తిన్న విస్తరి ఎత్తి పారేసి వచ్చాను.

ఎండ ఉండగానే ఇంటికి వచ్చాం. శేఖర్ చాప మీద వాలి టీవీ పెట్టాడు. వార్తల్లో తనను తాను ఒకసారి చూసుకున్నాడు, సంతోషపడ్డాడు. "ప్రసన్నా, జర టీ పెట్టు. పొగకు తల నొస్తుంది," అన్నాడు. పొగ నాకూ తగిలింది. నేను గడప మీద కూర్చున్నాను.

"హీరోకు ఈత ఎప్పుడొచ్చింది?" అని అడిగాను.

"గా సీన్ తీసేసినం. ఎంత ఆలోచించినా అతకలేదు."

"సినిమాల హీరో కాదు. ఇయ్యాల పొయ్యి కాడ కూసున్నాయన."

టీవీ శబ్దం తగ్గించాడు. నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు. "కొత్త పెండ్లి ప్రసన్నా. నువ్వు సేలం పోతే నేను ఉండలేననుకున్న," అన్నాడు. అబద్ధం కాదు, ఆ గొంతు నాకు తెలుసు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"ఉండలేనని చెప్తే అయిపోవు గద. పోవాల్నా, ఉండాల్నా అని నేను ఆలోచన జేసుకుందును. మనసైతే నీ కోసమే ఉందును. నువ్వు వంట రాదన్నవ్. ఆలోచన జేసుకునేది గూడ నాకు మిగల్చలే." నా గొంతు పెరగలేదు. పెంచే ఓపిక లేదు. "దాస్తే ఎందుకు దాచిండో చెప్పాలని నువ్వే అంటివి. చెప్పకుంటె ఏమైతడో గూడ నువ్వే అంటివి."

లోపలి గదిలో అత్తమ్మ మంచం కిర్రుమంది. నేను ఫోన్ తీసి మేడంకి చేశాను. హన్మకొండ వస్తానన్నాను. "రేపు చెప్పమన్నాను కదా, ఇంట్లో అడిగావా?" అన్నారావిడ. "చెప్పాను," అన్నాను.

ఫోన్ పెట్టేసరికి శేఖర్ లేచి కూర్చున్నాడు. చౌరస్తాలో అంతమందికి అన్నం పెట్టిన మనిషి, ఇప్పుడు తన ఇంటి వంటగది తెర వైపు దారి తప్పినవాడిలా చూస్తున్నాడు.

"మరి గీ ఆర్నెల్లు నేనేంజెయ్యాలె?" అన్నాడు.

"నీ కథల ఆమెకు ఏం రాసినవో గదే," అన్నాను. "ఎదురుచూడు. ఆకలైతే వండుకో."