ఆడకుండా వేసిన మార్కులు

గేముల మీద సమీక్షలు రాసి బతికే ఆ మనిషిని స్నేహితులు ‘మార్కులాయన’ అనేవారు. పదికి ఆరు మించి ఎవరికీ వేసిన పాపాన పోలేదు. మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాక, తొడ దాకా కట్టు కట్టి ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు. ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. భార్య పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లిపోతే పగలంతా కాపలా అత్తగారిది. ఆవిడ ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. “కాలు కింద పెట్టారంటే కథ మళ్లీ మొదటికొస్తుంది బాబూ” అని ఒక్కసారి చెప్పి, చేతికర్రలు పట్టుకెళ్లి తన గదిలో పెట్టేసుకుంది.

ఇక మిగిలింది మంచం, ఒళ్లో కంప్యూటర్, కిటికీ నిండా ఎదురింటి గోడ. మూడో వారానికి ఆ గోడ మీద పెచ్చులూడిన చోట్లన్నీ ఆయనకు కంఠతా వచ్చేశాయి.

అప్పుడు ఎడిటర్ ఒక గేము పంపాడు. ఎవరో ఒక్కరే కూర్చుని తయారుచేసిన భయం గేము. ఒక కప్పు కాఫీ ధరకే దొరుకుతుంది. అందులో ఒక నేలమాళిగ, వరసగా గదులు, మన చేతిలో ఒక దీపం, ఒక గుడ్డసంచి. ప్రతి తలుపు దగ్గరా సంచిలో చెయ్యి పెట్టి ఒక గోళీ తియ్యాలి. తెల్లదైతే తలుపు తెరుచుకుంటుంది, లోపల ఎవరిదో ఒక వస్తువు దొరుకుతుంది. నల్లదైతే వెనకాల ఉన్నదేదో మేలుకుంటుంది. అది కంటికి కనబడదు, ఊపిరి మాత్రం వినబడుతుంది. ఆ ఊపిరి చెవి దగ్గరకొచ్చాక దీపం ఆరిపోతుంది, అంతా పోయి ఆట మొదటికొస్తుంది. తలుపు దాటినప్పుడల్లా సంచిలో మరో నల్ల గోళీ చేరుతుంది. ప్రతి గది మూలా పైకి మెట్లున్నాయి, ఎప్పుడైనా ఎక్కి పోవచ్చు. ఎక్కితే ఓడిపోయినట్టే కదా అని మార్కులాయన వాటి జోలికే పోలేదు.

రెండు రోజులు ఆడాడు. ఎంత తన్నుకున్నా ఏడో గది దాటలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు, ఒంటి మీద దుప్పటి, కదలనివ్వని కాలు. ఆ నేలమాళిగలోంచి ఈ గదిలోకి వచ్చినా బయటపడ్డట్టు ఉండేది కాదు. ఒకసారి హెడ్‌ఫోన్లు తీసేశాక కూడా ఊపిరి వినిపించింది. తిరిగి చూస్తే అత్తగారు కుర్చీలో కునుకు తీస్తోంది.

రెండో రోజు మధ్యాహ్నం ఎడిటర్ ఫోను చేశాడు.

“గురూ, నాలుగింటికల్లా కావాలి. కాస్త మసాలా దట్టించు. తిట్టిపోస్తేనే జనం చదివేది.”

“చివరిదాకా ఇంకా వెళ్లలేదు సార్.”

“ఆ బుల్లి గేముకి చివరేంటి, మొదలేంటి? రాసి పడెయ్.”

రాసి పడేశాడు. ‘ఇందులో నైపుణ్యం లేదు, ముగింపు అంతకన్నా లేదు. అదృష్టం మీద భారం వేసి కూర్చున్న ఒక సోమరి పని ఇది.’ పదికి రెండు.

అత్తగారు లేచి కళ్లద్దాలు తుడుచుకుంది. “రెండ్రోజులుగా దాన్ని తిట్టుకుంటున్నారు. ఏమిటో ఇలా ఇవ్వండి, చూద్దాం.”

మూడు తలుపులు తెరిచింది. దువ్వెన, కళ్లజోడు, పసిపిల్ల చెప్పు దొరికాయి. నాలుగో తలుపు ముందు ఆగింది.

“సంచిలో ఇప్పుడు నల్లవెన్ని?”

“నాలుగు. తెల్లవి ఆరు.”

“అయితే నేను పోతా.”

“అప్పుడేనా అత్తయ్యా? ముందు ఇంకా గదులున్నాయి.”

“ఉండనివ్వండి. చెప్పు దొరికిందిగా, ఎవరిదో వాళ్లకిచ్చొద్దాం.”

ఆవిడ మెట్లెక్కింది. పైన ఎండపడుతున్న వంటగది, బల్ల దగ్గర ఒక ముసలామె. ఒక్కో వస్తువూ బల్ల మీద పెడుతుంటే, కిందికి వెళ్లి తిరిగిరాని మనిషి కథ ఒక్కోటి ఆమె నెమ్మదిగా చెప్పింది. చెప్పును మాత్రం కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. చివర్లో, “మిగతావాళ్లవి కూడా తెచ్చిపెడతావా?” అని అడిగింది. సంచిలో నల్ల గోళీ మళ్లీ ఒక్కటే అయింది.

మార్కులాయనకు అప్పుడు అర్థమైంది. గేములో సగం ఆ మెట్ల పైనే ఉంది. వెంటనే ఎడిటర్‌కు ఫోను చేశాడు.

“సార్, అది ఆపండి. తప్పు రాశాను.”

“పెట్టేశాం గురూ. ‘సోమరి’ అన్న మాట భలే పేలింది.”

“ముగింపు ఉంది సార్. నేనే చూడలేదు.”

“చూడకుండా రాశానని నువ్వే చాటుకుంటావా? సైటు పరువేం కాను? వదిలెయ్. వచ్చేవారం ఆ పెద్ద గేము నీకే ఇస్తున్నా.”

లేచి నాలుగడుగులు వేద్దామన్నా కుదరదు. అత్తగారికి విషయం చెప్పాడు.

“నేనొకసారి వార్డులో ఒకరి మందు ఇంకొకరికిచ్చాను” అందావిడ. “ఎవరూ చూడలేదు. నేనే వెళ్లి డాక్టరుకి చెప్పాను.”

“మెచ్చుకున్నాడా?”

“మెచ్చుకోవడమా? ఆర్నెల్లు నా మొహం చూడలేదు. పేషెంటు మాత్రం బతికాడు.”

సమీక్ష కింద తన పేరుతోనే రాశాడు: ‘దీన్ని పూర్తిగా ఆడకుండానే మార్కులు వేశాను. నా మాట నమ్మకండి.’ పావుగంటలో అది మాయమైంది. మళ్లీ రాశాడు. ఈసారి సైటులోకి వెళ్లడానికే వీల్లేకుండా చేశారు. ఇక దారిలేక, ఆ చెప్పు సంగతితో సహా జరిగిందంతా చెబుతూ గేము చేసినవాళ్లకే నేరుగా ఉత్తరం రాశాడు.

మర్నాడు జవాబొచ్చింది. రాసినామె దర్జీ. పనయ్యాక మిగిలిన వేళల్లో మూడేళ్లు కూర్చుని చేసిందట. ‘ఆ చెప్పు మా చెల్లిది. మీ సమీక్ష అమ్మ కంటబడకుండా దాచాను. ఈ ఉత్తరం మాత్రం చదివి వినిపించాను. దీన్ని గేము పేజీలో పెట్టుకోవచ్చా? మీ పేరు తీసేయమంటే తీసేస్తాను.’

పెడితే ఇక ఎడిటర్ పని ఇవ్వడని ఆయనకు తెలుసు. వేరే సైట్లవాళ్లూ జంకుతారు. కట్టు లోపల దురద పుడుతుంటే పళ్లు బిగబట్టి, ఒక్కో అక్షరమే కొట్టాడు.

‘పేరుతోనే పెట్టండి.’

సాయంత్రం ఎడిటర్ నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. ఆయన ఎత్తలేదు. ఆ తర్వాత ఇక రాలేదు.